నిమ్మచెక్క, నాపరాయి, నలభై మంది పిల్లలు

ఏడో తరగతి. ఆమ్లాలు, క్షారాలు పాఠం. ‘ఆమ్లాలు పుల్లగా ఉంటాయి, నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తాయి’ అని టీచరు చదువుతారు. నలభై మంది పిల్లలు ఆ వాక్యం నోట్సులో ఎక్కించుకుంటారు. ఆ నలభై మందిలో లిట్మస్ కాగితాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు ఎందరు? అది ఆఫీసు గదిలో బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది.

పిల్లలు కూర్చున్నది మాత్రం నాపరాళ్ల నేల మీద. సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ వంటగదిలో కడప బండ గట్టు మీద నిమ్మకాయ కోస్తూ ఉంటుంది. రసం పడి ఆరిన చోట బండ నునుపు పోయి, తెల్లగా మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. పుస్తకంలో చదివిన ఆమ్లం వాళ్ల కళ్లముందే రాయిని తింటోంది. పాఠానికీ ఆ మచ్చకూ చుట్టరికం ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సు చెబుతున్న టీచర్లకు, ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ అధ్యాయం. మీ దగ్గర ల్యాబ్ ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. రాయి, ఎండ, బోరు నీళ్లు, ఎర్రనేల, నల్లరేగడి మీ దగ్గర ఉన్నాయి కదా? ఒక నెల పాటు పిల్లల చేత సైన్సు చేయించడానికి అవి చాలు. వాటితో ఏం చేయాలో, ఎక్కడ కాలు జారుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ల్యాబ్ లేని చోటే మొదలైంది

‘పరికరాలు లేవు, నిధులు రావు, పీరియడ్ నలభై ఐదు నిమిషాలే.’ ఈ మూడు మాటలూ నిజమే. వీటి మధ్యే పని చేసి చూపించినవాళ్లూ ఉన్నారు.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లను తీసుకుని కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. పల్లెటూళ్ల సర్కారు బడులవి. పాఠం చదివించి ప్రశ్నలు అడిగే పద్ధతి మానేసి, పిల్లలే చేసి చూసి జవాబు తేల్చుకునేలా పుస్తకాలు తయారుచేశారు. 2002 దాకా ముప్పై ఏళ్లు అది నడిచింది. అక్కడ పనిచేసిన ఇంజినీరు అరవింద్ గుప్తా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలకు అగ్గిపుల్లలు గుచ్చి త్రిభుజాలు, ఘనాలు చేయించే పద్ధతిని అక్కడే రూపొందించారు. చెత్తబుట్టలోకి పోయే వస్తువులతో బొమ్మలు చేయించి సైన్సు నేర్పిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన సీమలోనే కుప్పం ఉంది. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు అక్కడ 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ప్రయోగ పరికరాలను వ్యాన్లలో ఎక్కించుకుని పల్లె బడుల దగ్గరికే తీసుకెళ్లడం ఆ సంస్థకు పేరు తెచ్చిన పని. పిల్లలే సాటి పిల్లలకు ప్రయోగం చేసి చూపించి, ఎందుకలా జరిగిందో చెప్పే సైన్సు మేళాలూ అది నడుపుతుంది.

ఆ వ్యాన్ మీ ఊరికి రాకపోవచ్చు. వ్యాన్‌లో వచ్చే పద్ధతి మాత్రం మీ బడికి రావచ్చు. వస్తువు చవకగా ఉండాలి, పిల్లల చేతిలో ఉండాలి, జవాబు చెప్పే తొందర పెద్దవాళ్లకు ఉండకూడదు. హోషంగాబాద్‌లోనైనా కుప్పంలోనైనా అసలు బలం ఇదే.

1. ముందు ప్రశ్న, తర్వాత పాఠం

సోమవారం మొదటి పనిగా పిల్లలకు ఒక్క మాట చెప్పండి: ‘రేపు ఒక్కొక్కరూ ఒక రాయి తీసుకురండి. పిడికిట్లో పట్టేంత చాలు.’

మంగళవారం బల్ల మీద రాళ్ల కుప్ప పడుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు బడి అయితే సగానికి సగం నాపరాళ్లే. కొన్ని పలుగురాళ్లు, కొన్ని గ్రానైట్ ముక్కలు. రాజంపేట, కోడూరు వైపు నుంచి అయితే ముగ్గురాయి కూడా రావచ్చు. ఇప్పుడు అడగండి: ‘వీటిలో నిమ్మరసానికి లొంగే రాయి ఏది?’

ఆమ్లం అనే మాట ఇంకా ఎత్తొద్దు. రసాయన సమీకరణం అసలే వద్దు. ప్రతి జట్టుకు నాలుగు రకాల రాళ్లు, ఒక నిమ్మచెక్క, ఒక పాత మేకు, నాలుగు వాటర్ బాటిల్ మూతలు ఇవ్వండి. మేకుతో రాయిని గీకి, రాలిన పొడిని మూతలో వేసి, నిమ్మరసం నాలుగు చుక్కలు పిండమనండి.

నాపరాయి పొడి సన్నగా నురగ కక్కుతుంది. మూతను చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపిస్తుంది. ‘పొంగుతాంది సార్!’ అని ఒక జట్టు అరిస్తే మిగిలిన జట్లన్నీ అటు తొంగిచూస్తాయి. పలుగురాయి పొడి కదలదు, మెదలదు. గ్రానైటూ అంతే. పాఠం చెప్పాల్సిన సమయం ఇది. నాపరాయి సున్నపురాయి జాతి. అందులోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది. ఆ వాయువే బుడగ. రాళ్లన్నీ ఒక్కలా పొంగవు, ఇసుక పాలు ఎక్కువున్న రాయి తక్కువ పొంగుతుంది. అందుకే ముందు రోజు రాత్రి మీరొకసారి ఇంట్లో చేసి చూసుకోండి.

అప్పుడు వంటగట్టు మచ్చ గురించి అడగండి. ఆ తర్వాత బెలుం గుహల గురించి. కొలిమిగుండ్ల దగ్గరున్న ఆ గుహలను బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో నమోదు చేశారు. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అంత పెద్ద సొరంగాన్ని ఎవరు తవ్వారు? వాన నీరే. గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్ల గుణం తెచ్చుకున్న నీరు లక్షల ఏళ్ల పాటు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది. బాటిల్ మూతలో నిమిషంలో చూసిన పనే భూమి లోపల అంత కాలం జరిగింది. ఈ మాట నురగను కళ్లారా చూసిన పిల్లలకు చెప్పి చూడండి, ముఖాలు ఎలా మారతాయో!

2. చేయించే ముందు ఊహ రాయించండి

నిమ్మరసం పిండక ముందే ప్రతి పిల్లా, పిల్లాడూ నోట్సులో రాయాలి: ఏ రాయి పొంగుతుంది, ఎందుకని అనుకుంటున్నారు. రెండు లైన్లు చాలు. పెన్సిల్‌తో వద్దు, పెన్నుతో రాయించండి. పెన్సిల్ అయితే ఫలితం వచ్చాక రబ్బరు తీస్తారు.

ఎందుకింత పట్టుదల? ఊహ రాయని పిల్లాడు ప్రయోగాన్ని గారడీలా చూస్తాడు. రాసినవాడు తన మాట నిలబడుతుందా లేదా అని చూస్తాడు. ‘తెల్లరాయి పొంగుతుంది, తెల్లగా ఉంది కాబట్టి’ అని రాసిన అమ్మాయికి పలుగురాయి పొంగకపోతే కోపం వస్తుంది. ఆ కోపం మంచిది. ‘మరి రంగును బట్టి కాకపోతే దేన్ని బట్టి?’ అని ఆమే అడుగుతుంది.

తప్పు ఊహకు మార్కులు తగ్గించకండి, నవ్వకండి. ఒక్కసారి నవ్వితే వచ్చే వారం నుంచి క్లాసు ఫస్టు ఏం రాస్తే అందరూ అదే రాస్తారు.

3. ప్రతి చేతికీ పని ఉండాలి

బల్ల దగ్గర టీచరు ప్రయోగం చేస్తుంటే ముందు బెంచీ వాళ్లు చూస్తారు, వెనక బెంచీ వాళ్లు ముందు బెంచీ వీపులు చూస్తారు. అది ప్రదర్శన. చేతులతో నేర్చుకోవడం అనిపించుకోదు.

నలభై మందిని ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు చేయండి. జట్టులో ఐదు పనులు: సామాను తెచ్చేవారు, చేసేవారు, కొలిచేవారు, రాసేవారు, అందరికీ చెప్పేవారు. ఈ పనులు ప్రతి వారం మారాలి. మార్చకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. అబ్బాయిలు నిమ్మకాయ పిండుతుంటే అమ్మాయిలు నోట్సు రాస్తూ కూర్చుంటారు. ‘దాని చేతిరాత బాగుంటుంది సార్’ అనే మాట వినగానే పని మార్చేయండి.

ఎనిమిది జట్లకు కావాల్సిన సామాను ఒక అట్టపెట్టెలో పడుతుంది: బాటిల్ మూతలు, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిలు ఎనిమిది, స్కేళ్లు, దారం, మేకులు, పాత అరలీటరు నీళ్ల సీసాలు. సిరంజి మెడికల్ షాపులో చవకగా దొరుకుతుంది. కొలపాత్ర పనీ, చుక్కలు వేసే పనీ రెండూ అదే చేస్తుంది. ఆ పెట్టెకు తాళం వేయకండి.

4. ‘ఎక్కువ, తక్కువ’ దగ్గర ఆగకండి, కొలిపించండి

రాయి తర్వాత నీళ్లు. సున్నపురాయిని కరిగించుకున్న నీరు ఎక్కడికి పోతుంది? కొంత మీ బోరులోకే వస్తుంది. ఈ మాట మీరు చెప్పకుండా పిల్లల చేతే తేల్పించవచ్చు.

మూడు రకాల నీళ్లు తెప్పించండి: బోరు నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లు, కేసీ కెనాల్‌ పక్క ఊరైతే కాలువ నీళ్లు. వాన పడితే వాన నీళ్లు కూడా పట్టించండి. క్యాన్ నీళ్లలో బట్టల సబ్బు తురుము కరిగించి సబ్బునీళ్లు చేసుకోవాలి. ఒక్కొక్క సీసాలో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సిరంజితో 1 మిల్లీలీటరు సబ్బునీళ్లు కలిపి, మూత బిగించి పదిసార్లు ఊపాలి. నురగ నిమిషం పాటు నిలబడకపోతే మరో మిల్లీలీటరు కలపాలి. నిలబడేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోవాలి.

క్యాన్ నీళ్లకు ఒకటి రెండు సరిపోవచ్చు. బోరు నీళ్లు మాత్రం పోసేకొద్దీ తాగుతాయి. నురగకు బదులు తెల్లటి తెట్టు తేలుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఆ తెట్టుగా మారాయి. ‘మా బోరు నీళ్లతో తల రుద్దుకుంటే జిగట పోదు’ అని ఇంట్లో అనుకునే మాటకు ఇప్పుడు ఒక అంకె దొరికింది. అవే బోరు నీళ్లను పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, పైనున్న తేట నీళ్లతో మళ్లీ కొలవమనండి. సున్నపురాయి ప్రాంతపు నీళ్లయితే సబ్బు ఖర్చు తగ్గే అవకాశం ఎక్కువ. ఎంత తగ్గింది? తగ్గిన కాల్షియం ఎటు పోయింది?

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సబ్బు బదులు షాంపూ, డిటర్జెంట్ పౌడరు వాడేస్తారు. అవి గట్టి నీళ్లలోనూ నురగ ఇచ్చేలా తయారైనవి. అన్ని సీసాలూ ఒక్కలా నురుగులు కక్కుతాయి, ప్రయోగం నీరుగారిపోతుంది.

కొలత విలువ తెలియాలంటే ముగ్గురాయి దొరికినవాళ్లు ఇంకొకటి చేయవచ్చు. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు పెంచడానికి ఆ పొడిని వాడతారు. ఒకే సైజు నాపరాయి ముక్కనూ ముగ్గురాయి ముక్కనూ రెండు చేతుల్లో పెడితే తేడా చేతికే తెలుస్తుంది. ఇక ఆ తేడాకు అంకె వేయించండి. కిరాణా కొట్టు త్రాసులో తూచి, అంచుదాకా నింపిన చెంబులో ముంచి, ఒలికిన నీళ్లను సిరంజితో కొలవాలి. 100 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించే నాపరాయి 270 గ్రాముల దాకా తూగితే, ముగ్గురాయి 400 గ్రాములు దాటుతుంది. నిమ్మరసానికి మాత్రం అది లొంగదు. తెల్లగా ఉన్న రెండు రాళ్లను ఎలా వేరుపరచాలో పిల్లలకు ఇప్పుడు రెండు దారులు తెలుసు.

5. ఊరి మాటను తరగతిలోకి పిలవండి

వాన పడిన మర్నాడు పల్లెలో మొదటి ప్రశ్న ఏమిటి? ‘ఎంత పదునైంది?’ మిల్లీమీటర్ల గురించి ఎవరూ అడగరు. నేల ఎంత లోతు తడిసింది, విత్తనం పడుతుందా అన్నదే రైతుకు కావాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే ఈ జిల్లాల్లో పదును అనే మాట వెనక తరాల అనుభవం ఉంది. దాన్ని పాఠంలోకి తెస్తే జేజినాయన కూడా సైన్సు టీచరవుతాడు.

నిటారు గోడలున్న సీసా పైభాగం కోసి, బోర్లించి గరాటులా పెట్టండి. అడుగున ఎత్తుపల్లాలుంటాయి కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. పైన స్కేలు అంటించండి. వానమాపకం సిద్ధమైంది. వాన వెలిశాక రెండు కొలతలు తీయాలి. సీసాలో ఎన్ని మిల్లీమీటర్లు? చేలో గుంత తీస్తే తడి ఎన్ని సెంటీమీటర్లు దిగింది? ఎర్రనేల ఉన్న పిల్లలు ఒక పట్టిక, నల్లరేగడి ఉన్న పిల్లలు ఒక పట్టిక రాస్తే, అదే వానకు రెండు నేలల్లో పదును వేరుగా ఎందుకుందో వాళ్లే తగువులాడుకుంటారు.

వాన రాకపోతే? సీమలో ఈ ప్రశ్న తప్పదు. వాన కోసం పాఠం ఆపకండి. అడుగున చిల్లులు పెట్టిన రెండు సీసాల్లో ఒకే ఎత్తు దాకా ఎర్రమట్టి, నల్లమట్టి నింపి, రెండింటిలోనూ 200 మిల్లీలీటర్ల నీళ్లు పోయించండి. అరగంటలో తడి ఎంత దిగింది, కింద ఎన్ని మిల్లీలీటర్లు కారాయి? నల్లమట్టి పెళ్లలను ముందే మెత్తగా చిదపాలి. లేదంటే నీళ్లు పగుళ్లలోంచి సర్రున జారిపోయి, ఫలితం తారుమారవుతుంది.

ఇంటి దగ్గర చేసే లెక్క ఒకటి: చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా 1 లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల బడి మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని బిందెలు? వెయ్యి లీటర్లు అని లెక్క తేలాక, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూడ్డానికి పిల్లలే గొట్టం వెంట నడుస్తారు.

6. అనుకున్నది జరక్కపోతే దాచకండి

చాక్‌పీసు సున్నపురాయేనని చాలామంది అనుకుంటారు, అలాగే చెబుతారు. రాళ్ల ప్రయోగం రోజు ఎవరో ఒకరు చాక్‌పీసు పొడి మీద నిమ్మరసం పిండుతారు. అది పొంగకపోవచ్చు. అప్పుడు ఏం చేస్తారు? ‘సరిగా పిండలేదు’ అని పక్కకు తోసేస్తారా?

నల్లబల్ల మీద రాసే చాక్‌పీసుల్లో చాలా వాటిని జిప్సంతో చేస్తారు. జిప్సం కాల్షియం సల్ఫేట్, దానికి నురగ రాదు. కొన్ని రకాలను కాల్షియం కార్బొనేట్‌తో చేస్తారు, అవి పొంగుతాయి. రెండు కంపెనీల చాక్‌పీసులు తెప్పించి పోల్చమంటే పది నిమిషాల్లో ఒక కొత్త పాఠం పుట్టింది. కోడిగుడ్డు పెంకు పొడిని పక్కన పెట్టండి, అది పొంగి తీరుతుంది.

‘నాకూ తెలియదు, తేల్చుకుందాం’ అనే మాట టీచరు నోట పిల్లలు ఎన్నిసార్లు వింటున్నారు? నెలలో ఒక్కసారైనా వినాలి. ఆ మాటతో మీ గౌరవం తగ్గదు. పిల్లల ధైర్యం పెరుగుతుంది.

7. పక్క ఊరి బడిని కలుపుకోండి

ఒంటరిగా చేస్తే విసుగొచ్చే పని ఇంకో బడితో కలిసి చేస్తే పండగవుతుంది. ఎండకు కొదవలేని చోట ఎండతోనే మొదలుపెట్టండి.

ఈ రెండు జిల్లాల్లో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. మొదటిది ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తుంది. అప్పటికి సెలవులు. రెండోది ఆగస్టు రెండో వారం. కర్నూలుకు ముందు, నాలుగు రోజుల తేడాతో కడపకు. మబ్బు లేకుంటే ఆ రోజు 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో పిల్లలను ఆవరణలో నిలబెట్టండి. ఎవరి నీడ వారి పాదాల కింద దూరిపోతుంది.

దానికంటే పెద్ద పని సెప్టెంబరు 23 ప్రాంతంలో చేయవచ్చు. కర్నూలులో ఒక బడి, కడపలో ఒక బడి ఫోనులో మాట్లాడుకుని, ఒకే రోజు మీటరు కర్రను తూకందారం సాయంతో నిటారుగా పాతాలి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదు నిమిషాలకొకసారి నీడ కొనకు గుర్తు పెట్టాలి. అన్నింటిలో పొట్టి నీడే కావాలి. ఆ రోజు కర్నూలులో అది 28 సెంటీమీటర్ల పైచిలుకు, కడపలో 26కు కాస్త తక్కువ ఉంటుంది. ఆ రెండున్నర సెంటీమీటర్ల తేడా భూమి గుండ్రంగా ఉన్నందువల్ల వచ్చింది.

నీడల నుంచి కోణాలు లెక్కగట్టడానికి కోణమాని సరిపోదు, పదో తరగతి లెక్కల సార్‌ను అడిగితే టాన్ పట్టిక తీస్తారు. రెండు ఊళ్ల కోణాలకు తేడా 1.36 డిగ్రీల దగ్గర రావాలి. మ్యాపులో కర్నూలు, కడపల మధ్య నిలువుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి దూరం సుమారు 150 కిలోమీటర్లు. బస్సు రోడ్డు దూరం తీసుకోకండి. 1.36 డిగ్రీలకు 150 అయితే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 40 వేల కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలత! గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య చేసిన లెక్క ఇదే. నీడ కొలతలో అర సెంటీమీటరు తప్పితే జవాబు దాదాపు 20 శాతం పక్కకు పోతుంది. పోనివ్వండి. ఎక్కడ తప్పిందో రెండు బడుల పిల్లలూ ఫోనులో వాదించుకోవడం కూడా పాఠంలో భాగమే.

కాలు జారే చోట్లు

యాసిడ్ సీసా జోలికి పోవద్దు. బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో నురగ బాగా వస్తుందని ఆశపడతారు. ఈ వయసు పిల్లలకు నిమ్మరసం, వెనిగర్ చాలు.

రాళ్లను సుత్తితో పగలగొట్టే పని పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు దూరంగా నిలబడాలి. సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి, నీడనే చూడాలి. రాళ్ల కోసం గనుల గుంతల్లోకి పంపకండి. నీళ్లు నిలిచిన నాపరాళ్ల గుంతలు చాలా లోతుంటాయి, ఒడ్డు జారుడుగా ఉంటుంది. ఇంటి పెరట్లో, దారి పక్కన దొరికే రాయి చాలు.

ఇంకో పొరపాటు సైన్సు ఫెయిర్ దగ్గర జరుగుతుంది. అగ్నిపర్వతం బొమ్మకు థర్మాకోల్ కొనేది నాన్న, రంగు వేసేది అక్క, బహుమతి పిల్లాడికి. ఆ ఖర్చుతో ఏడాది పొడవునా ప్రయోగాలు చేయించవచ్చు. బోరు నీళ్ల పట్టికలు, పదును కొలతలు, నీడల గీతలు గోడకు అంటించి, పక్కన ఆ పిల్లలనే నిలబెట్టండి. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ అవార్డులు–మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో స్థానిక సమస్య మీద పిల్లలు చేసిన పరిశీలనకే పెద్దపీట. ఊరి నీళ్ల మీద ఆరు నెలల పట్టిక ఉన్న జట్టుకు అక్కడ చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. తెలుగులో చదవడానికి జన విజ్ఞాన వేదిక తెచ్చే చెకుముకి పత్రిక ఉండనే ఉంది.

మరి సిలబస్?

ఈ ప్రశ్న ప్రతి టీచరు మనసులోనూ ఉంటుంది. వారానికి ఒక్క పీరియడ్ చేతులకు ఇవ్వండి, మిగిలినవి మీ పద్ధతిలోనే నడపండి. మొదటి వారం రాళ్లు, రెండో వారం నీళ్లు, మూడో వారం మట్టి, నాలుగో వారం నీడ. ఆమ్లాలు–క్షారాలు, నీరు, నేల, కాంతి: నాలుగూ మీ సిలబస్‌లో ఉన్నవే. నురగ చూసిన తరగతికి ఆమ్లం గుణాలు మళ్లీ మళ్లీ వల్లె వేయించాల్సిన పని తగ్గుతుంది. ఆ మిగిలిన సమయమే మీకు తిరిగొస్తుంది.

తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా చిన్న పని. ఇంట్లో పిల్లాడు గిన్నె, చెంచా, నిమ్మకాయ అడిగితే ‘ఎందుకురా, పాడుచేస్తావు’ అనకండి. పాతగిన్నె ఒకటి వాళ్లకే వదిలేయండి. పని అయ్యాక ‘ఎన్ని మార్కులు?’ అనే బదులు ‘ఏం జరిగింది?’ అని అడగండి.

నీళ్ల పాఠం అయిన వారానికో, పది రోజులకో ఇలాంటిది జరుగుతుంది. స్నానానికి బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె దాన్ని చెంచాతో గీకి, బాటిల్ మూతలో వేసి, వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చుకుంటుంది. మర్నాడు బెల్లు కొట్టకముందే స్టాఫ్‌రూమ్ గడప దగ్గర నిలబడి ఉంటుంది.

‘సార్, మా గిన్నెలో పెచ్చు కూడా పొంగింది. అంటే రాయి కరిగి నీళ్లల్లో మా ఇంటికొచ్చిందా సార్?’

‘నువ్వేమనుకుంటున్నావమ్మా?’

‘వచ్చిందనే అనుకుంటాండా. క్యాన్ నీళ్లు కాచినా పెచ్చు కడుతుందో లేదో చూడాల.’

‘అయితే రెండు గిన్నెలు తీసుకురా. మధ్యాహ్నం పీరియడ్‌లో మొదలుపెడదాం.’